యాభై పౌండ్ల హోరు

*ఒక్క రాత్రిలో రికార్డయిన పాటలు, సెకనున్నర కూడా పట్టని ఒక ప్రశ్న. బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు పుట్టించిన గ్రైండ్‌కోర్‌ను ఓరుగల్లు చెవితో వింటే...*

మీరు ఈ వాక్యం చివరికి వచ్చేలోపే ఆ పాట అయిపోతుంది. పేరు ‘యూ సఫర్’. నిడివి 1.316 సెకన్లు. ప్రపంచంలోకెల్లా అతి చిన్న పాటగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అందులో ఉన్నవి నాలుగే మాటలు. నాలుగూ కలిస్తే ఒక ప్రశ్న, మనిషి పడే బాధ గురించి. డ్రమ్ము, గిటారు, బేస్, గొంతు అన్నీ ఒక్కసారే పడతాయి, ఒక్కసారే ఆగుతాయి. గాలికి తలుపు ధడాలున కొట్టుకున్నట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు క్యాసెట్ పాడైందనుకున్నాను. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ అదే దెబ్బ.

అప్పట్లో మాది హన్మకొండలో రెండు గదుల అద్దె ఇల్లు. బెంగళూరులో చదువుతున్న దోస్తు ఒకడు సెలవులకు వస్తూ ఆ క్యాసెట్ తెచ్చాడు. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ. లేబుల్ మీద నీలి ఇంకుతో రెండు పేర్లు: బ్యాండ్ నేపామ్ డెత్, ఆల్బమ్ స్కమ్. టేప్‌రికార్డర్‌లో పెట్టి మీట నొక్కాను. రెండో పాటకే అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. ‘‘ఏందిరా అది, సాంచాల షెడ్డు తీర్గ!’’ అంది.

అమ్మ పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. వరుసగా సాంచాలు నడుస్తున్న షెడ్డులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. కానీ ఏ సాంచాలో దారం తెగిందో అక్కడ పనిచేసేవాళ్లు చెవితోనే పట్టేస్తారు. బయటివాళ్లకు అది రొద. వాళ్లకు అందులో ఒక్కో చప్పుడూ విడివిడిగా తెలుస్తుంది. అమ్మ ఆ మాట కోపంగానే అంది. అయినా ఆ సంగీతాన్ని అంత సరిగ్గా పోల్చిన మాట ఆ తర్వాత నేనెక్కడా చదవలేదు.

ఫ్యాక్టరీ ఊరి పిల్లలు

బర్మింగ్‌హామ్ ఇనుము, ఇత్తడి, కార్ల కర్మాగారాల ఊరు. 1960ల్లో అక్కడి రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న టోనీ అయోమీ అనే కుర్రాడు, ఉద్యోగం మానేసే చివరి రోజున, యంత్రంలో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతివాటం. గిటారు తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తెలియకుండా సన్నని తీగలు ఎక్కించాడు. కొన్నాళ్లకు వాటి బిగువు కూడా తగ్గించాడు. బిగువు తగ్గిన తీగ కిందిస్థాయిలో, బరువుగా మోగింది. అయోమీ బ్యాండ్ బ్లాక్ సబ్బత్. ఇవాళ హెవీ మెటల్ అని ప్రపంచమంతా పిలిచే సంగీతపు తొలి చప్పుళ్లలో ఒకటి అలా తెగిన వేళ్లలోంచి వచ్చింది.

ఈ కథ వింటే నాకు మన అజంజాహీ మిల్లు గుర్తొస్తుంది. 1934లో నిజాం కొడుకు పేరు మీద వెలిసిన మిల్లు. దాని కూతతో పొద్దు లెక్కపెట్టుకున్న ఇళ్లు వరంగల్‌లో వేలల్లో ఉండేవి. మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఆ మరల హోరులోంచి మనకొక సంగీతం పుట్టలేదెందుకని చాలాసార్లు ఆలోచించాను. పుట్టలేదని అప్పట్లో అనుకునేవాణ్ని. ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

బర్మింగ్‌హామ్ పక్కనే మెరిడెన్ అనే ఊళ్లో 1981లో నిక్ బులెన్, మైల్స్ రాట్లెడ్జ్ అనే ఇద్దరు బడిపిల్లలు నేపామ్ డెత్ మొదలుపెట్టారు. నేపామ్ అంటే వియత్నాం పల్లెల మీద అమెరికా కురిపించిన నిప్పు. అలాంటి మంటల్లో కాలిన పిల్లల ఫొటో చూసిన తరం పెట్టుకున్న పేరది. వాళ్ల చెవిలో అప్పటికి క్రాస్ అనే పంక్ బ్యాండ్ మోగుతోంది. ఎసెక్స్‌లో ఒక పాత ఇంట్లో అందరూ కలిసి బతుకుతూ, సొంత లేబుల్ పెట్టుకుని, ఇంతకంటే ఎక్కువ ధర ఇవ్వొద్దని రికార్డు అట్ట మీదే అచ్చేసిన మనుషులు వాళ్లు. స్టోక్ నుంచి వచ్చిన డిశ్చార్జ్ ఇంకో మెట్టు పైకెళ్లింది. 1982లో వచ్చిన ఆ బ్యాండ్ ఆల్బమ్‌లో పాట అంటే మూడు నాలుగు వాక్యాలే. మిగతాదంతా అణుయుద్ధం రేపే తప్పదన్నట్టు పరుగెత్తే డ్రమ్ము.

అట్లాంటిక్ అవతల ఆ పరుగుకు హార్డ్‌కోర్ అని పేరు. వాషింగ్టన్‌లో బ్యాడ్ బ్రెయిన్స్ అనే నల్లజాతి కుర్రాళ్ల బ్యాండ్ వేగానికి కొత్త కొలత పెట్టింది. అదే ఊళ్లో డిస్కార్డ్ అనే లేబుల్ పెట్టిన పిల్లలు రికార్డు అట్టలను వాళ్లే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించుకునేవారు. వాళ్ల రికార్డింగులు చాలావరకు డాన్ జియెంటారా అనే ఇంజినీర్ ఇంటి నేలమాళిగలో జరిగాయి. టెక్సస్‌కు చెందిన డి.ఆర్.ఐ. అనే బ్యాండ్ ఒక్క చిన్న రికార్డులో 22 పాటలు కుక్కింది. మసాచుసెట్స్‌లో సీజ్ అనే బ్యాండ్ 1984లో చేసిన డెమో క్యాసెట్ అంతకన్నా దూకుడు. అది పెద్ద దుకాణాలకు ఎక్కలేదు. పోస్టులో ప్రయాణించింది.

ఈ పోస్టు సంగతి కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో ఈ సంగీతం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లింది కవర్లలో పెట్టిన క్యాసెట్ల ద్వారానే. నీ దగ్గరున్నది కాపీ చేసి నాకు పంపు, నా దగ్గరున్నది నీకు పంపుతాను. డబ్బు లేని పిల్లలు స్టాంపుల మీద పల్చగా సబ్బో జిగురో రాసి పంపేవారు. అందుకున్నవాళ్లు తడిగుడ్డతో తుడిస్తే పోస్టాఫీసు ముద్ర పోయేది. అదే స్టాంపు మళ్లీ వాడేవారు. తపాలాశాఖకు అది నష్టమే. కానీ చేతిలో చిల్లిగవ్వ లేని పదిహేనేళ్ల పిల్లాడు స్వీడన్ నుంచి జపాన్ దాకా చెవులు చాచగలిగాడంటే ఆ సబ్బు చలవే. మెటల్ వైపు నుంచి స్విట్జర్లాండ్‌కు చెందిన సెల్టిక్ ఫ్రాస్ట్ బరువు, పంక్ వైపు నుంచి డిశ్చార్జ్ కోపం, సీజ్ వేగం అన్నీ కలిసి నేపామ్ డెత్ దగ్గరికి చేరాయి. కొత్తగా చేరిన డ్రమ్మర్ మిక్ హారిస్ వాటిని కలిపి రుబ్బాడు. గ్రైండ్ అంటే రుబ్బడమేగా. ‘గ్రైండ్‌కోర్’ అన్న పేరు పెట్టింది అతనేనంటారు.

ఒక్క రాత్రి

1986 ఆగస్టు. బర్మింగ్‌హామ్‌లోని సెలీ ఓక్ ప్రాంతం, రిచ్ బిచ్ అనే స్టూడియో. బులెన్ గొంతు, బేస్. జస్టిన్ బ్రాడ్రిక్ గిటారు. హారిస్ డ్రమ్ములు. ఖర్చు యాభై పౌండ్లు. అప్పటి మారకం లెక్కన మన వెయ్యి రూపాయల లోపే. రాత్రిపూట స్టూడియో చవక కాబట్టి రాత్రి వెళ్లారు, తెల్లారేలోపు పన్నెండు పాటలు ముగించారు. అవే స్కమ్ ఆల్బమ్ మొదటివైపు. తర్వాత కొద్దికాలానికే బ్రాడ్రిక్, బులెన్ వెళ్లిపోయారు. 1987 మేలో హారిస్ మళ్లీ అదే స్టూడియోకు కొత్త మనుషులతో వచ్చాడు: గొంతుకు లీ డోరియన్, గిటారుకు బిల్ స్టీర్, బేస్‌కు జిమ్ వైట్లీ. ఇంకో పదహారు పాటలు. నాటింగ్‌హామ్‌లో డిగ్బీ పియర్సన్ నడుపుతున్న ఇయరేక్ అనే చిన్న లేబుల్ రెండువైపులా కలిపి ఆ ఏడే విడుదల చేసింది. మొత్తం 28 పాటలు, దాదాపు 33 నిమిషాలు. రెండువైపులా ఉన్నది హారిస్ ఒక్కడే.

స్కమ్ అంటే తెట్టు. బెల్లం పాకం మరిగేటప్పుడు పైకి తేలుతుందే, మనం గరిటెతో తీసి పారబోసేది, అది. సమాజం మమ్మల్ని అలా చూస్తోందని వాళ్ల గొడవ. కాదు, అసలు తెట్టు పైన కూర్చున్న మీరేనని వాళ్ల తిట్టు. తొలిపాటే బహుళజాతి కంపెనీల మీద. అట్ట మీది బొమ్మలో సూట్లు వేసుకున్న పెద్దమనుషులు, వాళ్ల కాళ్ల కింద పుర్రెల కుప్ప.

ఇక ఆ చప్పుడు. హారిస్ వాయించిన పద్ధతిని బ్లాస్ట్ బీట్ అంటారు. కాలి కింది పెద్ద డ్రమ్ము, చేతి కింది స్నేర్ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో సందు లేకుండా, సెకనుకు పదికి అటూ ఇటూగా దెబ్బలు. ఒక హద్దు దాటాక చెవి దెబ్బల్ని లెక్కపెట్టడం మానేస్తుంది. విడి దెబ్బలు పోయి ఒక ధార మిగులుతుంది. చెరువు తూము ఎత్తినప్పుడు నీటిచుక్కలు కనపడవు, నీరే కనపడుతుంది చూడండి, అలాగ.

ఇలాంటి బ్యాండ్లు రికార్డు చేసే తీరులోనే వాటి ఆత్మ ఉందని నా నమ్మకం. సినిమా పాటకు ఒక్కో వాద్యాన్నీ విడిగా రికార్డు చేస్తారు. తబలా ఒకరోజు, వయొలిన్లు ఇంకోరోజు, గాయకుడు మరో ఊళ్లో. తప్పు దొర్లితే ఆ ముక్క వరకే మళ్లీ పాడిస్తారు. ఈ కుర్రాళ్లకు అంత సమయం కొనుక్కునే డబ్బు లేదు. ఒకే గదిలో అందరూ నిలబడి ఒకేసారి వాయిస్తారు. డ్రమ్ము శబ్దం గిటారు మైకులోకి కారుతుంది, గిటారు డ్రమ్ము మైకులోకి. కారిన శబ్దాన్ని ఎవరూ తుడవలేరు. గది గోడలు కూడా పాటలోకి వచ్చేస్తాయి. అప్పటి యంత్రాల్లో శబ్దం ఎంత పెద్దదో చూపించే ముల్లు ఉండేది. ఎర్రగీత దాటితే టేపు ఇక మోయలేదు. అప్పుడు శబ్దం కొసలు అరిగి, అంచులు కలిసిపోయి, దట్టంగా మారుతుంది. మర్యాదస్తులైన ఇంజినీర్లు ముల్లును ఎర్రగీతకు ఇవతలే ఉంచుతారు. ఇక్కడ అది ఎర్రలోనే నాట్యమాడుతుంది.

అమ్మ సాంచా అంది కదా. చాలా ఏళ్ల తర్వాత మంచి హెడ్‌ఫోన్లతో మళ్లీ వింటే ఒక తేడా దొరికింది. సాంచాకు అలుపు రాదు. హారిస్‌కు వస్తుంది. పాట మొదట్లో ఉన్న దెబ్బ బరువు చివర్లో ఉండదు. వేగం ఒకచోట ముందుకు తూలుతుంది, ఇంకోచోట ఒక వెంట్రుకవాసి వెనకబడుతుంది. యంత్రంతో పోటీపడి పరుగెత్తుతున్న మనిషి ఊపిరి వినపడుతుంది అక్కడ. ఒక్కరాత్రి రికార్డింగ్ ఆ ఊపిరిని దాచలేదు. దాచి ఉంటే ఈ ఆల్బమ్ ఎప్పుడో మరుగున పడేది. ఇవాళ కంప్యూటర్‌లో ప్రతి డ్రమ్ము దెబ్బనూ కొలిచి, సరిచేసి, అవసరమైతే దాని స్థానంలో వేరే దెబ్బ పెట్టి చేస్తున్న గ్రైండ్‌కోర్ రికార్డులు చాలా విన్నాను. వేగం హారిస్‌ను మించిపోయింది. అన్ని దెబ్బలదీ ఒకటే బరువు. రెండు పాటలయ్యాక నా చెవి నిద్రపోతుంది. అది నిజంగానే సాంచా.

1987 సెప్టెంబర్‌లో బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ తన కార్యక్రమం కోసం ఈ బ్యాండ్‌ను పిలిచి రికార్డు చేయించాడు. జాతీయ రేడియోలో రాత్రిపూట ఆ హోరు మోగింది. మన ఆకాశవాణిలో ఇలాంటి పాట మోగే రోజును ఊహించుకుంటూ నేను చాలా రాత్రులు గడిపాను.

లేబుల్ మీద ఒక పేరు, లోపల ఇంకో పాట

స్కమ్ కన్నా ముందే మా ఇంట్లో ఇలాంటి ‘పాడైన’ క్యాసెట్ ఒకటుండేది. పెద్దమ్మ కొడుకు తెచ్చి పెట్టాడు. లేబుల్ మీద ఒక సినిమా పేరు. లోపల జననాట్యమండలి పాటలు. ఏదో బహిరంగసభలో దూరంగా కూర్చుని చిన్న రికార్డర్‌లో పట్టినవి. జనం ఈలలు, మైకు కూత, ఎక్కడో పసిపాప ఏడుపు, వీటన్నిటి మధ్య డప్పు, గజ్జెలు, గద్దర్ గొంతు. అది దొరికితే పోలీసులు ప్రశ్నలడిగే కాలం. అన్న ఎప్పుడూ శబ్దం తగ్గించి పెట్టేవాడు. తగ్గించినా ఆ డప్పు తగ్గేది కాదు.

దర్శకుడు బి.నర్సింగరావు ఆర్ట్ లవర్స్ సంస్థతో మొదలైన ప్రయాణం 1972లో జననాట్యమండలి అయింది. గుమ్మడి విఠల్‌రావు గద్దరయ్యాడు. గొంగడి, కర్ర, డప్పు. అంతకుమించి సరంజామా లేదు. 1990 ఫిబ్రవరిలో అజ్ఞాతం వీడిన గద్దర్ హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడాడు. ఆ మేలో వరంగల్‌లో రైతు కూలీ సంఘం మహాసభలకు లక్షల్లో జనం కదిలొచ్చారు. ఆ రోజుల్లో మన ఊళ్లో పాట ఎలా పాకిందో స్టాంపులకు సబ్బు రాసిన ఆ పిల్లలకు చెప్తే వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ పోస్టు కూడా అక్కర్లేదు. జేబులో క్యాసెట్, బస్సులో మనిషి. రెండు డెక్కులున్న టేప్‌రికార్డర్ ఉన్న ఇల్లే స్టూడియో. కాపీ చేసిన కొద్దీ బుసబుస పెరిగేది. పాట ఎన్ని చేతులు మారి వచ్చిందో ఆ బుసను బట్టి చెప్పొచ్చు.

మిల్లు హోరులోంచి సంగీతం పుట్టలేదని అప్పట్లో ఎందుకనుకున్నానో ఇప్పుడు తెలుస్తోంది. గిటారు కోసం వెతికాను. డప్పు పక్కనే ఉంది.

అయితే రెండింటినీ ఒకే గాటన కట్టడానికి నా మనసు ఒప్పదు. గ్రైండ్‌కోర్‌లో మాటలు వినపడవు. అట్ట లోపలి కాగితం తెరిచి చదువుకోవాల్సిందే. మన పాటలో మాటే ప్రాణం. ఒకరు అందుకుంటే వెయ్యిమంది అనాలి, అనాలంటే అర్థం కావాలి. అంతకన్నా పెద్ద తేడా ఇంకోటుంది. బర్మింగ్‌హామ్ పిల్లలు ఆ చప్పుడును కోరి ఎంచుకున్నారు. డప్పును మోసినవాళ్లు ఎంచుకోలేదు. చావుకు, చాటింపుకు, జాతరకు ఊరు పిలిస్తే మాదిగవాడ నుంచి వెళ్లి కొట్టాలి. అది కళ కాదు, వెట్టి. కొట్టిన మనిషిని గడప ఇవతలే నిలబెట్టిన ఊళ్లు ఇవి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, మన జిల్లా బిడ్డ మంద కృష్ణ మాదిగ ముందు నడవగా, అదే డప్పును హక్కులడిగే గొంతుగా చంకనెత్తుకుంది. పంక్ అనే మాట ఇంగ్లీషులో ఒకప్పుడు తిట్టు. తిట్టును పేరుగా పెట్టుకుని తలెత్తుకోవడం వాళ్ల తిరుగుబాటు. వెట్టిగా మీద పడ్డ వాద్యాన్ని ఆత్మగౌరవంగా భుజానికెత్తుకోవడం దానికన్నా చాలా బరువైన పని.

గొంతు గురించి కూడా ఒక మాట. గ్రైండ్‌కోర్ గాయకుడు గొంతు చించుకుంటున్నాడని బయటివాళ్లు అనుకుంటారు. నిజంగా చించుకుంటే వారంలో మూగబోతాడు. ఊపిరిని పొత్తికడుపు నుంచి తెచ్చి, అసలు స్వరతంతువులకు పైనున్న మడతల్ని కదిలించి ఆ గుర్రు పుట్టిస్తారు. సాధన కావాలి. మనిషి గొంతులో ఎన్ని చప్పుళ్లు దాగున్నాయో వరంగల్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుతో మహా నాయకుల నుంచి హాలీవుడ్ సినిమాల దాకా అన్నీ వినిపించి ధ్వన్యనుకరణ సామ్రాట్ అయ్యాడు. ఆయన ఈ గుర్రు విని ఉంటే రెండు నిమిషాల్లో పట్టేసేవాడని నాకు గట్టి నమ్మకం.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఈ దారిలో నడిచేవాళ్లున్నారు. గాడ్‌లెస్ బ్యాండ్ 2016లో ‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ తెచ్చింది. వాళ్లది డెత్ మెటల్, గ్రైండ్‌కోర్‌కు దాయాది. బెంగళూరులో గ్రాస్టీ అసలైన గ్రైండ్‌కోరే. వాళ్ల రికార్డులు చెవినిండా విన్నాను, ఇష్టపడ్డాను. తెలుగులో ఒక్క గ్రైండ్‌కోర్ పాట కోసం మాత్రం ఇంకా ఎదురుచూస్తున్నాను. పది సెకన్లదైనా చాలు.

నిప్పు పక్కన ఫోన్

పోయిన చలికాలం, మా ఊరి పెద్దమనిషి ఒకాయన డప్పు వినిపిస్తానంటే వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. ‘‘కూసో బిడ్డా, ఇంక తోలు సల్లగుంది’’ అని వాకిట్లో ఎండుగడ్డి కుప్ప వేసి అంటించాడు. డప్పు ముఖాన్ని మంట మీద గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్య వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మెత్తగా ఉన్న చప్పుడు ఒక్కో తట్టుకూ బిగుసుకుంటూ, కాసేపటికి కంచు అంచు మీద గోరు తగిలినట్టు ఖంగుమంది. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. సిర్ర బరువైన దెబ్బ వేస్తుంటే పుల్ల దాని సందుల్లో చిటచిటలాడింది. వేగం పెంచాడు. ఒకచోట దెబ్బలు విడిగా వినపడటం ఆగిపోయింది.

ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటికొచ్చి పెడితే డప్పు లేదు. గడ్డి చిటపట, ఆయన దగ్గు, నేను ‘‘అబ్బ’’ అన్న మాట అన్నీ ఉన్నాయి. డప్పు ఉండాల్సినచోట ఎవరో దుప్పటి కప్పినట్టు ఒక ముద్ద శబ్దం. రొద తగ్గించే సౌకర్యమొకటి ఫోన్‌లో దానంతటదే పనిచేస్తోందని తర్వాత తెలిసింది. మనిషి మాటను ఉంచి మిగతాది తీసేస్తుందట. డప్పును రొద అనుకుని తీసేసింది.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ సౌకర్యం ఆపేశాను. ఫోన్‌ను పది అడుగుల దూరంలో, గోడవైపు తిప్పి, పీట మీద పెట్టాను. ఆయన గడ్డి అంటించాడు. ఇద్దరం తోలు వేడెక్కేదాకా కూర్చున్నాం.